మూసేసిన గదిలో వెచ్చదనం

అయినా ఒక గది వెచ్చగా ఉందంటే ఎవరో ఒకరు దాన్ని వెచ్చగా ఉంచుతున్నట్టే కదా, దానంతటదే ఉండదు కదా, మా ఉత్తరాది ఊరు జోంకియేర్‌లో జనవరి నెలలో ఏదీ దానంతటదే వెచ్చగా ఉండదు, మనిషైనా సరే, అనుకుంటూ ఆ గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చేతుల్లో ఉతికిన దుప్పట్లున్నాయి. అవి పెట్టే బీరువా ఆ గదిలో ఉంది కాబట్టి తలుపు తీశాను. లేకపోతే తీసేదాన్ని కాదు. తీయగానే ముఖానికి వెచ్చటి గాలి తగిలింది. నిద్రపోతున్న పిల్ల మెడవంపులో ముఖం పెడితే తగిలేలాంటి గాలి.

అది మా అమ్మాయి మనోన్ గది. అక్టోబరు చివర్లో దాన్ని మూసేశాం.

గది మూసెయ్యడం మా ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. ఒక్కో గదికి కిటికీ కింద, గోడ అడుగున, ఒక్కో కరెంటు హీటరు పొడుగ్గా పడుకుని ఉంటుంది. దాని పెత్తనమంతా వేడి ఎంతుండాలో తేల్చే గోడమీది థర్మోస్టాట్‌ది. పిల్లలు పెళ్ళిళ్ళకో ఉద్యోగాలకో వెళ్ళిపోయాక వాళ్ళ గదిలో దాని మీటని అడుక్కి తిప్పేసి, తలుపేసి, తలుపు కింద సందులో పాత తువ్వాలొకటి చుట్టి దోపుతారు. మంచు కరిగేదాకా ఇంట్లో ఆ గది లేనట్టే. పక్కింటి ఫెర్నాండ్ అయితే కోళ్ళ గూళ్ళ గురించి చెప్పినట్టు చెబుతుంది, "మేం ఈ ఏడు రెండు మూసేశామమ్మా, మరి మీరో?" అని.

మనోన్ గదిని అలా మూయలేదు. వాళ్ళ తాతగారు వాయించిన అకార్డియన్ కనబడలేదని అల్మారాలన్నీ వెతికిన రోజున, అది ఏ దుకాణానికి చేరిందో, ఆ వచ్చిన డబ్బుతో పిల్ల ఏ మత్తుపొడి కొనుక్కుందో తెలిసిన రోజున మూశాం. నా భర్త జెర్వే కేకలు వెయ్యలేదు. అల్యూమినియం ఫ్యాక్టరీలో కరిగిన లోహం తొట్లపక్కన నిలబడి బతికే మనిషి. ఇంటికొచ్చాక మాట్లాడటం కూడా అతనికి వేడి మీదపడ్డట్టే. "నీ సామాను సర్దుకో" అని మాత్రం అన్నాడు. మనోన్ సర్దుకుంది. మోంట్రియాల్ బస్సెక్కింది. ఆ తలుపు చప్పుడు ఇంకా చెవుల్లో ఉండగానే అతను ఆ గదిలోకి వెళ్ళి, మీటని అది ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు తిప్పి, తువ్వాలు తనే చుట్టి తలుపు కింద దోపి, "ఈ గది మూసేశాం" అన్నాడు. ఇక మనోన్ పేరు ఇంట్లో వినబడలేదు.

ఆ తర్వాత రెండున్నర నెలలు నేను ఎలా ఉన్నానో చెప్పడం కష్టం. పైకి మామూలుగానే ఉన్నాను. ఊళ్ళోవాళ్ళ కోట్లకి జిప్పులు కుట్టాను, పెద్ద చిక్కుడుగింజల సూప్ కాచాను. కాని రేడియోలో మోంట్రియాల్ చలి ఎంతో చెప్పగానే మిషన్ ఆపేసేదాన్ని. ఎవరో అనామకుడు ఫలానా వంతెన కింద బిగుసుకుపోయి దొరికాడని చెబితే, అనామకుడా, అనామకురాలా అని మళ్ళీ చెప్పేదాకా ఊపిరి పీల్చేదాన్ని కాదు. మనోన్ చిరునామా లేదు. మెట్రో స్టేషన్లో గోడకానుకుని కూర్చుని ఉండగా చూశానని ఆమె స్నేహితురాలొకతె చెప్పింది. "పలకరించావా?" అంటే, "గుర్తుపట్టలేదు ఆంటీ" అంది. ఎవరు ఎవర్ని గుర్తుపట్టలేదో నేను అడగలేదు.

అలాంటి రోజుల్లో, బయట చలి సున్నాకి ముప్పై దిగువన ఉన్న రోజున, మూసేసిన గది వెచ్చగా ఉంది.

దుప్పట్లు మంచంమీద పడేసి హీటరు మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. గోడమీది మీట చూశాను. అడుగునే ఉంది, జెర్వే వదిలిన చోటే. అప్పుడు నాకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమైందనే అనుకున్నాను. నేను ఇంట్లో లేనప్పుడు అతనొస్తున్నాడు. తువ్వాలు తీసి, తలుపు తీసి, మీట పైకి తిప్పి, గది వెచ్చబడ్డాక మళ్ళీ అడుక్కి తిప్పేసి పోతున్నాడు. అన్న మాట వెనక్కి తీసుకోలేని మనిషి, ఎవరూ చూడకుండా మీటని మాత్రం వెనక్కి తిప్పుతున్నాడు.

మంచంమీద కూర్చుని ఏడ్చాను. సుఖంగా ఏడ్చాను. ఆ శీతాకాలం మొత్తంమీద నాకు దొరికిన సుఖం అదొక్కటే.

ఆ రోజు నుంచి ఎక్కువగా బయటికి పోవడం మొదలుపెట్టాను. అతని షిఫ్టు ముగిసే వేళకి కోటు తొడుక్కునేదాన్ని.

"మళ్ళీ ఎక్కడికి?" అనేవాడు జెర్వే, గుమ్మంలో మంచు దులుపుకుంటూ.

"ఫెర్నాండ్ వాళ్ళింటికి."

"ఈ చలిలోనా? నిన్ననేగా వెళ్ళావ్. ఆవిడ నోటికి నిన్న విశ్రాంతి దొరికిందా ఏంటి, ఇవాళ మళ్ళీ మొదలుపెట్టడానికి?"

"సూప్ పొయ్యిమీద ఉంది. వెచ్చగా ఉన్నప్పుడే తాగు."

"నీ ఇష్టం."

ఆ "నీ ఇష్టం"లో నాకు కృతజ్ఞత వినబడేది. ఫెర్నాండ్ ఇంట్లో ఆమె మోకాళ్ళ గురించి, అల్లుడి గురించి వింటూ, గోడకవతల మా ఇంట్లో ఇప్పుడతను తువ్వాలు తీస్తుంటాడు, ఇప్పుడు మంచంమీద కూర్చునుంటాడు అని ఊహించుకునేదాన్ని. కొన్నిసార్లు ఫెర్నాండ్ ఇంట్లో లేకపోతే దుకాణాల సముదాయంలో బెంచీ మీద కూర్చునేదాన్ని, మనోన్ మెట్రో స్టేషన్లో కూర్చున్నట్టే. తిరిగొచ్చి చూస్తే, నేను తలుపు మధ్యకి దోపి వెళ్ళిన తువ్వాలు ఒక పక్కకి జరిగి ఉండేది. నాకు అదే సాక్ష్యం. మళ్ళీ సరిగ్గా సర్దేదాన్ని, ఆనవాలు చెరిపే దొంగకి తోడుదొంగలాగా.

ఒక్కసారి ఇంట్లోనే దాక్కుని చూస్తే తేలిపోయేదే. చూడలేదు. చూడకపోవడం అతనిమీద గౌరవమని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అది భయం. చేతిలో ఉన్న ఒక్క నిప్పురవ్వనీ ఊది చూడబుద్ధి కాదు. రగులుతుందేమో, ఆరిపోతుందేమో ఎవరికి తెలుసు?

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం వంటింట్లో ఫోను మోగింది.

"అమ్మా."

"ఎక్కడున్నావే?"

"వెచ్చటి చోటే ఉన్నాలే. సన్యాసినులు నడిపే ఇల్లు. సూప్ పోస్తున్నారు. నీళ్ళలో కారెట్ బొమ్మ గీసినట్టుంటుంది. నీ చిక్కుడుగింజల సూప్‌ని అన్నేళ్ళు తిట్టినందుకు దేవుడు వేసిన శిక్ష."

నవ్వబోయాను, నవ్వు రాలేదు. "మానేశావా?"

"మానేశాననే అనుకుంటున్నా. పొద్దున్నే లేచి మళ్ళీ అనుకుంటున్నా. ఇక్కడ వసంతందాకా ఉంచరమ్మా. పక్క ఇంకొకరికి కావాలంట."

"ఇంటికి రా."

"ఎవరింటికి?" అంది. గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగింది. "నాన్న ఏమంటున్నాడు?"

నేను తొందరపడలేదు. ఆ మాటని ఎన్నో రోజుల్నుంచి నోట్లో దాచుకుని ఉన్నాను.

"మీ నాన్న నీ గది వెచ్చగా ఉంచుతున్నాడు."

"ఎవరు?"

"మీ నాన్నే. నేను ఇంట్లో లేనప్పుడు వెళ్ళి మీట తిప్పుతాడు. నాకు తెలియదనుకుంటాడు."

"అమ్మా, ఇది నువ్వల్లిన కథ కాదు కదా? నీ కళ్ళతో చూశావా?"

"చూశాను" అన్నాను.

అవతల ఒక చప్పుడొచ్చింది, ఏడుపో నవ్వో. "ముసలి ఎలుగుబంటి" అంది మనోన్. చిన్నప్పుడు అతని భుజాలమీద ఎక్కి జుట్టు పీకుతూ అనేది ఆ మాట. తర్వాత గొంతు మారింది. "ఒకటి చెప్తా విను. నువ్వు పిలిచావని అయితే నేను రాను. నువ్వు ఎవరినైనా పిలుస్తావ్, ఇల్లు దోచినవాడికి కూడా రెండోసారి సూప్ పోస్తావ్. నాన్న కోసమైతే వస్తా. కాని గుమ్మంలో ఆయన నన్ను చూసి మొహం తిప్పుకున్నాడో, మళ్ళీ అదే బస్సెక్కుతా. ఈసారి దిగాక నేను ఎక్కడికి పోతానో నాకు తెలుసు. నీకూ తెలుసు."

"తిప్పుకోడు."

"ప్రమాణంగా?"

"ప్రమాణంగా."

మార్చి మొదటి ఆదివారం, సాయంత్రం బస్సుకి వస్తానంది.

జెర్వేతో చెప్పలేదు. చెబితే ఆ గదిలోకి తను వెళ్ళే సంగతి నాకు తెలుసని బయటపడుతుంది. బయటపడితే అతను దాన్ని ఒప్పుకోవాలి, లేదా కాదనాలి. అతను ఒప్పుకునే మనిషి కాదు. అందుకని రోజూ రేపు చెబుదామనుకున్నాను. ఆ ఆఖరి వారం చలి విరిగింది. చూరునుంచి నీళ్ళు కారడం మొదలైంది. మనోన్ గది మరీ వేడెక్కిపోయింది, తలుపు తీస్తే ఉక్కపోతలా కొట్టింది. నేనేమనుకున్నానో చెబితే ఇప్పుడు నాకే వింతగా ఉంటుంది. అతనికి ఎలాగో తెలిసిపోయిందనుకున్నాను. పిల్ల వస్తోందని పసిగట్టి, మాటల్లో చెప్పలేక, గదిని ఇంతగా వేడి చేస్తున్నాడనుకున్నాను. మనిషి మనసు ఒకసారి ఒక దారి పట్టిందంటే ఎదురొచ్చిన గోడని కూడా గుమ్మమనుకుంటుంది.

ఆదివారం వచ్చింది. పొద్దున్నే తడిమంచు పడటం మొదలైంది. భోజనానికి మా అన్నయ్య రెయాల్ వచ్చాడు. ప్రతి ఇంట్లోనూ ఒక బావగారుంటాడు. ఇంటికప్పు గురించి, కారు ఇంజను గురించి, ప్రభుత్వం గురించి, పక్కవాడి కాలేయం గురించి అన్నీ తెలిసినవాడు. మా ఇంటికి ఆ బావగారు రెయాల్. తేడా ఏమిటంటే ఒక్క కరెంటు పని విషయంలో మాత్రం అతనికి లైసెన్సు కూడా ఉంది.

గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు. "ఎవరి పిల్లి మాడుతోంది ఇక్కడ?"

"మాంసం రొట్టె. పొయ్యిలో ఉంది" అన్నాను.

"చెల్లీ, నీ వంట ముప్పై ఏళ్ళుగా తింటున్నా. నీ మాడు వాసన నాకు తెలుసు. ఇది వేరే మాడు." జెర్వే వైపు తిరిగాడు. "బావా, నువ్వు గాని ఫ్యాక్టరీని ఇంటికి తెచ్చుకున్నావా?"

వాసన పట్టుకుని నడవాలోకి వెళ్ళిపోయాడు. నేను అడ్డంపడేలోపే ఆ గది దగ్గరికి చేరాడు. తువ్వాలుని కాలితో తన్ని తలుపు తోశాడు. కిటికీ తెర అంచు హీటరుమీద పడి, గోధుమరంగుకి తిరిగి, సన్నగా పొగలాంటిది లేస్తోంది. రెయాల్ చర్చిలో ఉన్న సామాన్లన్నిటి పేర్లూ ఒక్కొక్కటే పెట్టి తిట్టాడు, మా వైపు బూతులంటే అవే. తెర లాగి అవతల పారేశాడు.

"కొంపంతా తగలబెట్టుకుందామనే? తెరకీ హీటరుకీ మధ్య జానెడు ఉండాలని ఎన్నిసార్లు చెప్పాను? మూసిన గదిలో ఈ వేడేంటి?" మీట చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. చెవి దగ్గరగా పెట్టాడు. "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కొట్టడం నాకు నచ్చలేదు.

నేలమాళిగకెళ్ళి కరెంటు ఆపే బ్రేకరు దించొచ్చాడు. హీటరు లోహం చల్లారుతూ టిక్కుటిక్కుమంటుంటే, థర్మోస్టాట్ మూత ఊడదీసి, మరలు విప్పి, దాన్ని గోడనుంచి బయటికి లాగాడు. లోపలనుంచి బూడిదరంగు దుమ్ము రాలింది.

"ఇదిగో చూడండి. ఈ రెండు లోహపు చుక్కలు చల్లబడితే అంటుకోవాలి, వెచ్చబడితే విడిపోవాలి. విడిపోయినప్పుడే టిక్కుమంటుంది. ఇవి విడిపోవు ఇంక. కరిగి అతుక్కుపోయాయి, మొగుడూ పెళ్ళాల్లాగా. మీట నువ్వు ఎటు తిప్పినా దీనికి ఒకటే. ఆగకుండా మండుతూనే ఉంటుంది."

"ఎప్పట్నుంచి?" అన్నాను.

"ఎవరికి తెలుసు? దీన్ని తగ్గించిందెవరు?"

"నేనే. అక్టోబర్లో" అన్నాడు జెర్వే.

"తగ్గించాక టిక్కుమందా?"

జెర్వే ఆలోచించాడు. "లేదు."

"మరింకేం? ఇది నీ మాట ఒక్కరోజు కూడా వినలేదు బావా. మా చెల్లెలే నయం." నవ్వాడు. మేమిద్దరం నవ్వలేదని గమనించలేదు. "హీటరు ఈ గదికి చాలనిది, అందుకని జనవరి చలికి సరిగ్గా సరిపోయింది. చలి ముదరకముందు కూడా ఇలాగే ఉడికి ఉంటుంది, చూసినవాళ్ళు లేరు గాని. ఇప్పుడు చలి తగ్గేసరికి పొయ్యి అయి కూర్చుంది. దేవుడి దయ, తెర అంటుకోలేదు."

నేను మంచం అంచున కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఎవరూ తిప్పలేదు. అంతే. రెండు లోహపు చుక్కలు అతుక్కుపోయాయి, అందుకని గది వెచ్చగా ఉంది. నా భర్త మనసని నేను చలికాలమంతా చెయ్యి పెట్టి చూసుకున్నది దుమ్ముపట్టిన ఒక చెడిపోయిన సామాను. మోంట్రియాల్ నుంచి బస్సు ఈపాటికి బయలుదేరి ఉంటుంది. దానిలో నా కూతురు నేను చెప్పిన ఒక్క వాక్యాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

రెయాల్ తన వ్యానులోంచి రెండు పెట్టెలు తెచ్చాడు. "ఇది అంకెలది. అరడిగ్రీ కూడా అటూ ఇటూ పోనివ్వదు. ఇది మామూలు మీటది. కొంచెం ఊగుతుంది, మా అత్తగారి మనసులాగా, ఇంతలో చలి, ఇంతలో ఉక్క. కాని మొండిది, చాలాకాలం వస్తుంది. ఏది పెట్టమంటావ్?"

"మామూలుదే" అన్నాడు జెర్వే.

"సరే. ఏదైనా గాని, దీనికి తగిందే పెట్టాలి. మా వీధిలో ఒక మేధావి ఇల్లు కాచే గ్యాసు కొలిమికి పెట్టేది చవగ్గా వచ్చిందని తెచ్చి దీనికి బిగించాడు. అది చిన్న కరెంటుది. బ్రేకరు ఎత్తాడో లేదో, తుస్సుమని పొగ. ఇప్పటికీ వాడి కనుబొమలు పూర్తిగా రాలేదు." తీగలు కలుపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. చలికాలానికి ముందే హీటరు రేకుల మధ్య దుమ్ము పీల్చెయ్యాలట. మీటకి ఎదురుగా దీపం పెట్టకూడదట, దాని వేడికి అది మోసపోతుందట. "ఇంకోటి బావా, పాతదానికి పూర్తిగా ఆపేసే చోటు లేదు. దీనికుంది. ఇదిగో, ఈ చివరికి తిప్పితే రెండు తీగలూ తెగిపోతాయి. చుక్క కరెంటు రాదు. ఇప్పుడు నిజంగా మూసెయ్యొచ్చు."

బ్రేకరు ఎత్తొచ్చి, మీటమీద చెయ్యి పెట్టి అడిగాడు. "ఎంతకి పెట్టను?"

జెర్వే కిటికీలోంచి మంచు చూస్తున్నాడు. నేను నోరు తెరిచాను.

"ఖాళీ గదేగా" అని రెయాల్ దాన్ని చివరికి తిప్పేశాడు. టిక్కుమని ఒక చిన్న శబ్దం వచ్చింది, స్పష్టంగా.

భోజనం చేశాం. రోడ్లు పాడవుతున్నాయని రెయాల్ త్వరగానే లేచాడు. అడవిలోంచి వచ్చే దారిలో కార్లు ఒకదాని వెనక ఒకటి పాకుతున్నాయని రేడియో చెప్పింది. నేను గిన్నెలు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను. బస్‌స్టాండుకి వెళ్ళి మనోన్‌ని అటునుంచటే రెయాల్ ఇంటికి తీసుకుపోవచ్చు. నాన్నకి ఒంట్లో బాగాలేదని చెప్పొచ్చు. రేపు చెబుతానని చెప్పొచ్చు. కాని ఆ పిల్ల అబద్ధాలు ఆడటంలో నాకన్నా అనుభవం ఉన్నది, నా ముఖం చూసీ చూడగానే పట్టేస్తుంది. బస్సు వచ్చిన దారినే తిరిగి వెళ్తుంది. నీళ్ళలో నా చేతులు ఎర్రబడ్డాయి. ప్రార్థన చెయ్యబోతే మాటలు గుర్తురాలేదు, సున్నాకి ముప్పై దిగువన, సున్నాకి ముప్పై దిగువన అని మాత్రం మనసు జపించింది.

నడవాలో అలికిడి లేదు. వెళ్ళి చూస్తే, మనోన్ గది తలుపు తీసే ఉంది. జెర్వే లోపల నిలబడి ఉన్నాడు. గది అప్పుడే చల్లబడిపోయింది. తెరలేని కిటికీ అద్దం మీద ఆవిరి పట్టడం మొదలైంది.

అతను వెనక్కి తిరగలేదు. "నువ్వేననుకున్నాను" అన్నాడు.

"ఏంటి?"

"గది. నువ్వే పెంచుతున్నావనుకున్నాను. నేనొచ్చేలోపు మళ్ళీ అడుక్కి తిప్పేస్తున్నావని."

"ఎప్పుడూ ఏమీ అనలేదేం?"

"ఏమనాలి?"

నాకు ఏదో తట్టింది. చాలా నెమ్మదిగా తట్టింది, మొద్దుబారిన వేలికి వేడినీళ్ళు తెలిసినట్టుగా. "తలుపు మూసే ఉంది కదా జెర్వే. గది వెచ్చగా ఉందని నీకెలా తెలుసు?"

అతను కిటికీ చట్రం మీద రంగు పెచ్చుని గోటితో గీకాడు.

"బూట్లు విప్పుకోడానికి" అన్నాడు చివరికి. "పని నుంచి వచ్చాక. నువ్వెప్పుడూ ఫెర్నాండ్ ఇంటికేగా. ఇక్కడ కూర్చుని విప్పుకునేవాణ్ణి. నేల వెచ్చగా ఉంటుంది." ఇంకాసేపు గీకాడు. "ఒకసారి కునుకు కూడా పట్టింది. దాని తలగడ మీద."

ఏడవలేదు. ఏడవడానికి సమయం లేదు.

"సాయంత్రం బస్సుకి మనోన్ వస్తోంది" అన్నాను.

అతని వేలు ఆగిపోయింది.

"నువ్వు తన గది వెచ్చగా ఉంచుతున్నావని చెప్పాను. నా కళ్ళతో చూశానన్నాను. అందుకే వస్తోంది. నాకోసమైతే రానంది. నువ్వు గుమ్మంలో మొహం తిప్పుకుంటే మళ్ళీ వెళ్ళిపోతానంది."

చాలాసేపు మంచు కిటికీకి తగిలి జారుతున్న చప్పుడే వినబడింది. ఆ నిశ్శబ్దానికి ఎన్ని అర్థాలు చెప్పుకోవచ్చో చలికాలమంతా నేర్చుకున్నదాన్ని. ఈసారి ఒక్కటి కూడా చెప్పుకోలేదు. ఊరికే నిలబడ్డాను.

"గది చల్లారిపోయిందే" అన్నాడు జెర్వే, ఎవరో పెద్ద పొరపాటు చేసినట్టు.

గోడ దగ్గరికి వచ్చి కొత్త మీటమీదికి వంగాడు. తల వెనక్కి లాగి చూశాడు, ముందుకు పెట్టి చూశాడు. తొట్ల దగ్గర అన్నేళ్ళు పనిచేసిన కళ్ళు. వాటికి దగ్గరి అక్షరాలు ఎప్పుడో పోయాయి. కళ్ళజోడు వంటింట్లో రేడియో పక్కన ఉంది. మీట చుట్టూ ఉన్న సన్నటి గీతలమీద అతని లావాటి వేళ్ళు తడుముకున్నాయి.

"ఇందులో ఇరవై ఎక్కడే?" అన్నాడు.

నేను తిప్పేస్తే చిటికెలో అయిపోయే పని. అతని చెయ్యి పట్టుకుని, చూపుడువేలిని ఇరవై దగ్గరి గీతమీద ఉంచి, నా చెయ్యి తీసేశాను.